నెట్ రావట్లేదా? ముందు మీ గోడల లోపల వెతకండి

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువమంది నెట్ కంపెనీ మీద ఫిర్యాదుతోనే మొదలుపెట్టారు. వివరాలు చదివితే మాత్రం, కంపెనీ తీగ గోడ దాటి లోపలికి వచ్చాకే అసలు కథ మొదలైందని తేలింది.

ప్రశ్న: మాది స్టడీ హాలు. 140 సీట్లు, పొద్దున ఒక బ్యాచ్, మధ్యాహ్నం నుంచి ఇంకో బ్యాచ్. 200 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. పొద్దున 6కి వచ్చినవాళ్లకు నెట్ బ్రహ్మాండంగా వస్తుంది. 8 దాటాక వచ్చినవాళ్ల ఫోన్లలో ఐపీ అడ్రస్ కోసం చక్రం తిరుగుతూనే ఉంటుంది. షాపులో అడిగితే ఇంకో రూటర్ పెట్టుకోమన్నారు. పెట్టినాం. ఇప్పుడు ఇంకా అధ్వాన్నం, వైఫై కలుస్తుంది గానీ కొందరికి నెట్ ఉండదు. ఏం చేసేది?
- స్టడీ హాలు నిర్వాహకుడు, అనంతపురం

జవాబు: మీ దగ్గర అయిపోతున్నది స్పీడు కాదు, అడ్రసులు.

రూటర్ సెట్టింగుల్లో డీహెచ్‌సీపీ పేజీ తెరవండి. వచ్చిన ప్రతి ఫోనుకూ ఒక ఐపీ అడ్రసును కొంతసేపు అద్దెకిచ్చేది అదే. అక్కడ రెండు సంగతులు చూడాలి: ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇస్తోంది, ఎంతసేపటికి ఇస్తోంది. చాలా రూటర్లు 192.168.1.100 నుంచి 192.168.1.199 దాకా ఇస్తాయి, అంటే సరిగ్గా 100 అడ్రసులు. అద్దె గడువు, అదే లీజు, కొన్నిటిలో 1440 నిమిషాలు ఉంటుంది. అంటే 24 గంటలు. ఇప్పుడు లెక్క కట్టండి. 140 మంది, మనిషికి ఒక ఫోను, ఒక లాప్‌టాప్ చొప్పున 280. పొద్దున మొదటి 50 మంది కూర్చునేసరికే మీ సంచీ ఖాళీ. వాళ్లు మధ్యాహ్నం ఇంటికి పోయినా ఆ అడ్రసులు మర్నాటి దాకా వాళ్ల పేరునే ఉంటాయి. పోతూ పోతూ "నాది వెనక్కి తీసుకో" అని ఫోను చెప్పి పోదు కదా.

ముందు లీజును 120 నిమిషాలకు తగ్గించండి. కూర్చున్నవాళ్లకు మధ్యలో తెగిపోతుందేమోనన్న భయం అక్కర్లేదు. గడువు సగానికి రాగానే, అంటే 60వ నిమిషంలో, ఫోనే రూటర్‌ను అడిగి పొడిగించుకుంటుంది.

తర్వాత అడ్రసుల సంఖ్య పెంచాలి. ఒక నెట్‌వర్క్‌లో ఎన్ని అడ్రసులు పట్టాలో చెప్పే సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఉన్నంతవరకు వాడుకోగలిగేవి 254 మాత్రమే, మీ 280 అందులో పట్టవు. ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) పేజీలో రూటర్ అడ్రసును 192.168.10.1 అనీ, మాస్క్‌ను 255.255.254.0 అనీ మార్చండి. అప్పుడు 192.168.10, 192.168.11 రెండు వరుసలూ ఒకటే నెట్‌వర్క్ అయి 510 అడ్రసులు వస్తాయి. డీహెచ్‌సీపీని 192.168.10.50 నుంచి 192.168.11.250 దాకా పెట్టండి, 457 దొరుకుతాయి. మధ్యలో వచ్చే 192.168.10.255, 192.168.11.0 చూసి కంగారు పడొద్దు. ఈ మాస్క్‌లో అవి మామూలు అడ్రసులే. ఒక్కటి గుర్తుంచుకోండి: ఈ మాస్క్‌తో జత ఎప్పుడూ సరి సంఖ్యతోనే మొదలవుతుంది. 10తో 11 కలుస్తుంది, 11తో 12 కలవదు.

192.168.1ని వదలమనడానికీ కారణముంది. కంపెనీవాళ్లు గోడకు బిగించిన ఫైబర్ డబ్బా చాలాచోట్ల 192.168.1.1 మీదే కూర్చుని ఉంటుంది. మీ రూటర్ లోపలా అదే వరుస, బయటా అదే వరుస అయితే ఏ ప్యాకెట్‌ను (డేటా మూటను) ఎటు పంపాలో దానికి తెలియదు. ఇళ్లలో వాడే కొన్ని రూటర్లు 255.255.254.0ను అసలు ఒప్పుకోవు. మీది అలాంటిదైతే చిన్న ఆఫీసులకు అమ్మే రకం ఒకటి కొనక తప్పదు. రెండో రూటర్‌కు పెట్టిన డబ్బు దీనికి పెట్టి ఉంటే సరిపోయేది.

ఇక ఆ రెండో రూటర్ సంగతి. దాని ల్యాన్ పోర్టులోకి కేబుల్ గుచ్చి వదిలేసి ఉంటారు. అందులో కూడా ఒక డీహెచ్‌సీపీ ఉంది. కొత్తగా వచ్చిన ఫోను "నాకు అడ్రసు ఎవరిస్తారు?" అని అందరికీ వినపడేలా అడుగుతుంది. ఇద్దరూ ఇస్తామంటారు, సాధారణంగా ముందు పలికినవాడిదే చెల్లుతుంది. రెండో రూటర్ ముందు పలికితే, బయటికి దారి తానేనని తన అడ్రసు ఇస్తుంది. దాని వ్యాన్ పోర్టులో (బయటి నెట్ తీగ గుచ్చేచోట) ఏమీ లేదు కాబట్టి ఆ దారి గోడకు తగులుతుంది. వైఫై ఉండి నెట్ లేనివాళ్లు వీళ్లే. అనుమానముంటే అలాంటి లాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ipconfig /all కొట్టండి. డీహెచ్‌సీపీ సర్వర్ అన్న వరుసలో ఎవరి అడ్రసుందో చూస్తే తెలిసిపోతుంది.

దాన్ని సరిచేసేటప్పుడు వరుస తప్పొద్దు. హాలు నెట్‌వర్క్ నుంచి పీకి, ఒక లాప్‌టాప్‌కు మాత్రమే కలపండి. ముందు దాని ల్యాన్ అడ్రసు 192.168.10.2కు, మాస్క్ 255.255.254.0కు మార్చండి. తర్వాత డీహెచ్‌సీపీ ఆపండి. ముందే ఆపేస్తే లాప్‌టాప్‌కు అడ్రసు ఇచ్చేవాడుండడు, ఆ పేజీ మళ్లీ తెరుచుకోదు. అలా ఇరుక్కుంటే లాప్‌టాప్‌కు రూటర్ వరుసలోనే ఒక అడ్రసు చేత్తో ఇచ్చుకుని లోపలికి వెళ్లొచ్చు. రూటర్‌లో యాక్సెస్ పాయింట్ (వైఫై మాత్రమే పంచే పరికరం) మోడ్ అని ఉంటే ఈ తంతంతా అదే చేసుకుంటుంది.

అయినా రెండు రూటర్లు 280 పరికరాలను మోయలేవు. ఒక్కో యాక్సెస్ పాయింట్‌కు 40 పరికరాలకు మించి లెక్క వేసుకోకండి. అందరూ ఒకేసారి వీడియో క్లాసులు చూస్తే 30 చాలు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 6, 11 ఛానళ్లు తప్ప వేరేవి వాడొద్దు, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉంచండి. 5 గిగాహెర్ట్జ్‌లో 40 వెడల్పుతో 36, 44, 149, 157 పంచండి. అన్నిటికీ వైఫై పేరు, పాస్‌వర్డు ఒకటే పెట్టండి. ఇప్పటి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకు ఒక్కో కల్పిత మ్యాక్ అడ్రసు (రూటర్ ఫోనును గుర్తుపట్టే నంబరు) చూపిస్తాయి. హాల్ 1, హాల్ 2, హాల్ 3 అని పేర్లు పెడితే అటూ ఇటూ మారిన ఒక్క ఫోనే మూడు ఐపీ అడ్రసులు తినేస్తుంది.

ప్రశ్న: కెమెరాల పనులు చేస్తుంటాను. ఆర్‌జే 45 క్రింపింగ్ (నెట్ కేబుల్ కొసకు ప్లగ్గు బిగించడం) చేశాక టెస్టర్‌లో 8 లైట్లూ వరుసగా వెలుగుతాయి. 2-3 మీటర్ల ముక్క బాగానే పనిచేస్తుంది. 40 మీటర్లు లాగితే మాత్రం కంప్యూటర్ ఒకసారి 100 ఎంబీపీఎస్, ఒకసారి 10 చూపించి తెగిపోతుంది. క్యాట్ 6 కేబులే.
- ఒక టెక్నీషియన్, కడప

జవాబు: రంగులను జత పక్కన జతగా పేర్చుకుంటూ పోతున్నారు కదూ? నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, పచ్చ, నీలం తెలుపు, నీలం, గోధుమ తెలుపు, గోధుమ. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పని మాత్రం చెడుతుంది.

ఈథర్‌నెట్ తీగలను 1-2, 3-6, 4-5, 7-8 అని జతలుగా వాడుతుంది. మీ వరుసలో 3లో పచ్చ తెలుపు, 6లో నీలం పడ్డాయి. కేబుల్ లోపల ఈ రెండూ ఒకదానికొకటి మెలి తిరిగి లేవు. ఒక జతలో రెండు తీగలూ కలిసి మెలి తిరిగితేనే పక్క జత నుంచి వచ్చే రొద రెండిటి మీదా సమానంగా పడి కొట్టుకుపోతుంది. మీ కేబుల్‌లో ఆ రక్షణ 3-6కూ లేదు, 4-5కూ లేదు. చిన్న ముక్కలో ఎలాగో నెట్టుకొస్తుంది, పొడవు పెరిగితే చేతులెత్తేస్తుంది. మీ టెస్టర్ చూసేది ఈ చివర 3, ఆ చివర 3కి తగిలిందా లేదా అన్నదే. మెలి సంగతి దానికి తెలియదు.

సరైన వరుస, 568బి పద్ధతిలో: నారింజ తెలుపు, నారింజ, పచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, పచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ప్లగ్గు క్లిప్పు అవతలి వైపు, బంగారు రంగు పళ్లు మీ వైపు, పైకి ఉండేలా పట్టుకుంటే ఎడమ చివరది 1. నొక్కే ముందు గాజులా కనపడే ఆ ప్లగ్గులోంచి చూడండి: పచ్చ జత విడిపోయి మధ్యలో నీలం జతను కౌగిలించుకున్నట్టు కనపడాలి. మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లకు మించొద్దు. పైతొడుగు ప్లగ్గు లోపలి దాకా వెళ్లి, వెనకున్న నొక్కు దాన్ని పట్టుకోవాలి. తొడుగు బయటే ఆగిపోతే కేబుల్ లాగినప్పుడల్లా బరువంతా సన్న తీగల మీదే పడుతుంది.

పనిలో పనిగా మీ కేబుల్ తీగను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. దాంట్లో నిరోధం రాగి కన్నా సగానికి పైగా ఎక్కువ. పీఓఈతో, అంటే నెట్ కేబుల్ నుంచే కరెంటు తీసుకుని, నడిచే కెమెరాలు పగలంతా బాగుండి, చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే ఆరిపోయి మళ్లీ లేస్తుంటే మొదట అనుమానించాల్సింది ఈ కేబుల్‌నే. నాలుగుసార్లు వంచితే విరుగుతుంది కూడా. పెట్టె మీద క్యాట్ 6 అని ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, రాగి బరువును మాత్రం దాచలేరు.

ప్రశ్న: మాది బండల పాలిష్ ఫ్యాక్టరీ. ఆఫీసు నుంచి గేటు దగ్గరి కాటాకు 160 మీటర్లు. క్యాట్ 6 లాగినాం, రోజుకు పదిసార్లు తెగుతుంది. మొన్న ఉరుముల వానకు రెండు వైపులా స్విచ్ పోర్టులు కాలిపోయినాయి. మంచి కంపెనీ కేబుల్ వేస్తే నిలుస్తుందా?
- ఫ్యాక్టరీ మేనేజర్, తాడిపత్రి

జవాబు: నిలవదు. రాగి ఈథర్‌నెట్‌కు హద్దు 100 మీటర్లు: గోడలో వేసేది 90, రెండు చివర్లా ప్యాచ్ కార్డులు కలిపి 10. మధ్యలో స్విచ్ పెట్టి సాగదీయొచ్చు గానీ మీకు పనికిరాదు. రెండు కట్టడాలకు రెండు ఎర్తింగ్‌లు. దగ్గర్లో పిడుగు పడినప్పుడు ఆ రెండు ఎర్త్‌ల మధ్య వేల వోల్టుల తేడా వస్తుంది. వాటిని కలిపే రాగి దారి మీ కేబుల్ ఒక్కటే. పోర్టులు అందుకే కాలాయి.

ఫైబర్ వేయండి. సింగిల్ మోడ్, 4 కోర్ల (గాజు పోగుల) కేబుల్ తీసుకోండి. వాడేది ఒకటే అయినా మిగతావి రేపటికి పనికొస్తాయి. రెండు చివర్లా ఒక్కో గిగాబిట్ మీడియా కన్వర్టర్, అంటే రాగి తీగ సిగ్నల్‌ను వెలుతురుగా, వెలుతురును సిగ్నల్‌గా మార్చే డబ్బా. ఒకే కోర్ మీద నడిచేవి జతగా వస్తాయి: ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, రెండోది దానికి తిరగేసి. కొనేటప్పుడు 'A' రకం ఒకటి, 'B' రకం ఒకటి ఉన్నాయో లేదో పెట్టె మీద చూసుకోండి. రెండూ ఒకే రకం తెచ్చుకుని లింక్ లైటు కోసం సాయంత్రం దాకా ఎదురుచూసినవాళ్లున్నారు. కనెక్టర్ల రంగు కూడా కలవాలి. నీలం దాంట్లో నీలమే, పచ్చ దాంట్లో పచ్చే. పచ్చది ఏటవాలుగా నూరి ఉంటుంది, నీలం సాకెట్‌లో పెడితే ముఖాలు ఆనక వెలుతురు కారిపోతుంది.

ఇనుప కవచం ఉన్న ఫైబర్ కేబుల్ తీసుకుంటే ఆ కవచాన్ని ఒక వైపు మాత్రమే ఎర్త్ చేసి, రెండో వైపు పెట్టెకు దూరంగా కత్తిరించేయండి. లేకపోతే తీసేసిన రాగిని మళ్లీ వేసుకున్నట్టే. లారీలు తిరిగేచోట మీటరు లోతున గట్టి హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపులో వేయండి. జాయింట్ పెట్టెలు నేల మీద వద్దు, స్లరీ నీళ్లు చేరతాయి. గోడకు ఛాతీ ఎత్తున బిగించి, రెండు చివర్లా 3 మీటర్ల కేబుల్ చుట్టగా వదలండి.

మీలాంటిచోట అసలు శత్రువు రాతిదుమ్ము. ఫైబర్ మధ్యలో వెలుతురు నడిచే భాగం 9 మైక్రాన్లే. ఒక్క రేణువు దాని మీద కూర్చుంటే చాలు. కనెక్టర్ మూత తీసిన ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, నూగు రాలని టిష్యూతో తుడిచాకే పెట్టండి. చొక్కా అంచుతో తుడవొద్దు. వెలుతురు బలం కొలిచే పవర్ మీటర్ తెచ్చినవాళ్లను దారిలో ఎంత వెలుతురు నష్టమైందో అడగండి. 160 మీటర్ల గాజుకు నష్టం లెక్కలోకే రాదు, జాయింట్లు, కనెక్టర్లు అన్నీ కలిపి 1.5 డెసిబెల్ లోపు ఉండాలి. 4, 5 అంటే ఎక్కడో మురికో, బిగువైన వంపో ఉంది. చివరల్లోకి కన్ను పెట్టి చూడొద్దు, ఆ వెలుతురు కంటికి కనపడదు గానీ హాని చేస్తుంది.

తవ్వకం కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ జత పెట్టొచ్చు. ఒకదానికొకటి కనపడితే చాలదు. 160 మీటర్ల దూరానికి సరిగ్గా మధ్యలో, చూపు గీత చుట్టూ సుమారు 1.4 మీటర్ల మేర ఖాళీ కావాలి. బండరాయి ఎత్తుకున్న లారీ ఆ ఖాళీలోకి వచ్చి నిలబడితే కాటా బిల్లు ఆగుతుంది. కాబట్టి లారీ ఎత్తు మీద ఇంకో 2 మీటర్లు కలుపుకుని గొట్టం నిలపండి.

ప్రశ్న: షాపు కెమెరాలు ఇంటి నుంచి ఫోన్లో చూడాలని రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చిన పిలుపును కెమెరాలకు మళ్లించే సెట్టింగ్) పెట్టించాను. షాపులో ఉంటే కనపడతాయి, బయటికొస్తే కనపడవు.
- బట్టల వ్యాపారి, ప్రొద్దుటూరు

జవాబు: రూటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు వరుసల్లో ఉంటే మీకు సొంత పబ్లిక్ అడ్రసు లేదు. కంపెనీ ఒక్క పబ్లిక్ అడ్రసును చాలామంది కస్టమర్లకు పంచుతోంది. ఈ వరుసను 2012లో ఇందుకోసమే కేటాయించారు. బయటి నుంచి వచ్చిన పిలుపు కంపెనీ పరికరం దగ్గరే ఆగిపోతుంది, మీ రూటర్ దాకా రానే రాదు. ఇంక మీరు ఎన్ని పోర్టులు తెరిస్తే ఏం లాభం? వ్యాన్ ఐపీ 192.168తో మొదలైతే కథ వేరు: కంపెనీ డబ్బా, మీ రూటర్ రెండూ అడ్రసులు మారుస్తున్నాయి. ఆ డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే అడ్రసులు మార్చకుండా నెట్‌ను నేరుగా మీ రూటర్‌కు దాటించేలా, పెట్టమని అడగండి.

స్టాటిక్ పబ్లిక్ ఐపీ నెలకు కొంత కడితే ఇస్తారు. అది వచ్చినా కెమెరాల రికార్డర్ పోర్టును నేరుగా లోకానికి తెరవొద్దు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలా తెరిచి ఉంచిన కెమెరాలు, రికార్డర్లు, రూటర్లలోకి ఫ్యాక్టరీ పాస్‌వర్డులతోనే దూరింది. రూటర్‌లో వైర్‌గార్డ్ (బయటి నుంచి షాపు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి వేసే వీపీఎన్) ఉంటే దాని ఒక్క యూడీపీ పోర్టు, మామూలుగా 51820, తెరిచి ఫోన్లో ఆ యాప్ వేసుకోండి. ఫోను షాపులోనే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. ఇంత తతంగం వద్దనుకుంటే రికార్డర్ తయారీదారు క్లౌడ్ యాప్ వాడుకోండి. రికార్డరే బయటికి ఫోన్ చేస్తుంది కాబట్టి పబ్లిక్ ఐపీ అక్కర్లేదు. పాస్‌వర్డు మాత్రం ఈ రోజే మార్చండి.

ప్రశ్న: జిరాక్స్ షాపులో పాత కంప్యూటర్. పొద్దున ఆన్ చేయగానే ఏ సైటు తెరిచినా సురక్షితం కాదంటుంది. పక్క కంప్యూటర్‌లో అదే నెట్ బాగుంది.
- కర్నూలు

జవాబు: స్క్రీన్ మూల చూడండి, తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటుంది. సైట్ల సర్టిఫికెట్లకు మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ లెక్కలో అవి ఇంకా పుట్టలేదు. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ మార్చి, తేదీ చేత్తో దిద్ది, ఇంటర్నెట్ టైమ్ ఆన్ చేయండి.

ప్రశ్న: రూటర్ మార్చాక కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని సగంలో ఆగుతాయి. చిన్న మెయిళ్లు పోతాయి, ఫైలు జతచేస్తే పోవు. స్పీడ్ టెస్ట్ బాగుంది. కంపెనీకి చెబితే మా వైపు తప్పేమీ లేదంటున్నారు.
- పత్తి వ్యాపారి, ఆదోని

జవాబు: వాళ్లు చెప్పింది నిజమే కావచ్చు. మీది యూజర్ నేమ్, పాస్‌వర్డుతో కలిసే పీపీపీఓఈ కనెక్షన్ అయి ఉంటుంది. ఈథర్‌నెట్ ప్యాకెట్ మోసేది 1500 బైట్లు. పీపీపీఓఈ తన తలపాగాకు 8 బైట్లు తీసుకుంటుంది, మిగిలేవి 1492. కొత్త రూటర్‌లో ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు, 1500 అనే ఉంటే నిండు ప్యాకెట్లు ఆ సందులో పట్టవు. దారిలో ఉన్న రూటర్ "చిన్నవి చేసి పంపు" అని వెనక్కి కబురు చేస్తుంది గానీ, ఎక్కడో ఒక ఫైర్‌వాల్ ఇలాంటి కబుర్లు మోసే ఐసీఎంపీని మొత్తం ఆపేస్తే ఆ కబురు చేరదు. పంపేవాడు అవే పెద్ద ప్యాకెట్లు మళ్లీ మళ్లీ పంపుతూ కూర్చుంటాడు. చిన్న మెయిలు పోయి ఫైలు ఆగడానికి కారణం ఇదే.

కమాండ్ ప్రాంప్ట్‌లో ping -f -l 1472 8.8.8.8 కొట్టండి. ముక్కలు చేయాలి అని వస్తే 1464తో ప్రయత్నించండి. అది వెళ్తే 28 కలపండి, 1492. రూటర్ వ్యాన్ పేజీలో ఎంటీయూ దగ్గర ఆ అంకె వేయండి. 1464 కూడా వెళ్లకపోతే నాలుగేసి తగ్గించుకుంటూ వెళ్లేదాకా చూసి, దానికి 28 కలపండి. ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అని ఉంటే ఆన్ చేయండి, అంకె అడిగితే ఎంటీయూ కన్నా 40 తక్కువ, అంటే 1452.

ప్రశ్న: కాలేజీ ల్యాబ్‌లో 60 సిస్టమ్‌లు, మూడు స్విచ్‌లు. ప్రాక్టికల్ పరీక్ష రోజు నెట్‌వర్క్ మొత్తం ఒక్కసారిగా పడిపోయింది. స్విచ్‌ల లైట్లన్నీ ఒకే తాళంలో పిచ్చిగా మెరిసినాయి. రీస్టార్ట్ చేస్తే అరనిమిషం బాగుండి మళ్లీ అంతే.
- ల్యాబ్ అసిస్టెంట్, కడప

జవాబు: ఆ లైట్లే సాక్ష్యం. ఎవరో సిస్టమ్‌లు సర్దుతూ, ఊరికే వేలాడుతున్న కేబుల్ కొసను కనపడిన ఖాళీ పోర్టులో గుచ్చి ఉంటారు. రెండో కొస కూడా స్విచ్‌లోనే ఉంది. దాంతో లూప్ ఏర్పడింది. ఐపీ ప్యాకెట్‌లో టీటీఎల్ అనే అంకె ప్రతి రూటర్ దగ్గరా ఒకటి తగ్గి, సున్నా కాగానే ప్యాకెట్ చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో అలాంటి ఏర్పాటు లేదు. ఒక్క బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పోయే) ఫ్రేమ్ లూప్‌లో పడితే గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. ప్రతి చుట్టులో అన్ని పోర్టులకూ కాపీ పోతుంది కాబట్టి లైట్లన్నీ కలిసి మెరుస్తాయి.

మళ్లీ జరిగితే ముందు స్విచ్‌లను కలిపే కేబుళ్లు పీకండి. ఏ స్విచ్ లైట్లు ఇంకా మెరుస్తున్నాయో తప్పు అక్కడే. దాంట్లో ఒక్కో కేబుల్ తీస్తూ పోతే, అసలుది తీసిన మరుక్షణం అన్నీ నిమ్మళిస్తాయి.

శాశ్వతంగా ఆపాలంటే స్పానింగ్ ట్రీ ఉన్న మేనేజ్డ్ (సెట్టింగులు మార్చుకోగల) స్విచ్‌లు కావాలి. 1985లో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టిన పద్ధతి ఇది. స్విచ్‌లు ప్రతి 2 సెకన్లకు ఒకదానికొకటి కబురు పంపుకుంటూ, అదనపు దారి కనపడితే మూసేస్తాయి. ఆన్ చేసేటప్పుడు రాపిడ్ రకమే ఎంచుకుని, సిస్టమ్‌లకు పోయే పోర్టులను ఎడ్జ్ పోర్టులుగా గుర్తించండి. పాత రకమైతే ప్రతి పోర్టూ తెరుచుకోవడానికి 30 సెకన్లు తీసుకుంటుంది. ఆలోపు సిస్టమ్ డీహెచ్‌సీపీ కోసం అడిగి అడిగి విసిగి, 169.254తో మొదలయ్యే అడ్రసు తానే పెట్టుకోవచ్చు. అప్పుడు మీరు "స్పానింగ్ ట్రీ పెట్టాక నెట్ పోయింది" అని మాకు ఇంకో ఉత్తరం రాస్తారు. కొత్త స్విచ్‌లకు డబ్బు మంజూరయ్యేలోపు ఖాళీ పోర్టులకు టేపు అంటించి, ప్రతి కేబుల్ రెండు కొసలకూ ఒకే నంబరు రాసి పెట్టండి.